తుపాను రాత్రికి పనికొచ్చే పవర్ బాక్స్: 1.25 నుంచి 12 వోల్టుల దాకా, ఇంట్లోనే తయారీ

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. రెండు రోజుల తర్వాత నేను విజయనగరం నుంచి బయల్దేరి, పడిపోయిన కొబ్బరి చెట్లు దాటుకుంటూ కవిటి దగ్గర మా అక్క ఊరు చేరాను. చేతిలో 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ల యూపీఎస్ బ్యాటరీ. దానికి ఎల్‌ఎం317 ఐసీతో నేనే కట్టిన చిన్న రెగ్యులేటర్. నాబ్ తిప్పితే 3 వోల్టులు కావాలంటే 3, 5 కావాలంటే 5. ఫోన్లు చార్జ్ చెయ్యొచ్చు, రేడియో వినొచ్చు అని ధైర్యంగా వెళ్లాను.

సాయంత్రానికి అరుగు మీద ఏడు ఫోన్లు వరస కట్టాయి. రెండు ఫోన్లు నిండేసరికి బ్యాటరీ అయిపోయింది. "ఏట్రా, రెండు ఫోన్లకే ఐపోనాదేటి?" అంది అక్క. రెగ్యులేటర్ హీట్ సింక్ మీద వేలు పెట్టాను. చురుక్కుమంది. బ్యాటరీలో సగానికి పైగా ఆ అల్యూమినియం ముక్క మీద వేడై పోయింది. మిగతా ఐదుగురూ ఫోన్లు తీసుకుని వెళ్లిపోతుంటే నాకు మాట రాలేదు.

అప్పటి నుంచి ఈ డబ్బాను మూడుసార్లు మార్చి కట్టాను. ఇప్పుడు చెప్పబోయేది మూడోది.

ఈమధ్య మా వీధి డిగ్రీ కుర్రాడొకడు వచ్చి, "అన్నా, వేప్‌కి వేరియబుల్ వోల్టేజ్ సర్క్యూట్ కట్టి పెడతావా?" అని అడిగాడు. చెయ్యనని చెప్పాను. మన దేశంలో 2019 నాటి చట్టం ప్రకారం ఈ-సిగరెట్ తయారీ, అమ్మకం, రవాణా, నిల్వ అన్నీ నేరమే. తయారు చేసినా, అమ్మినా మొదటిసారికే ఏడాది దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పైగా అందులో వేడెక్కే కాయిల్ కోసం అరచేతిలో లిథియం సెల్లును పిండి పిండి వాడాలి, వచ్చే పొగ పిల్లలను నికోటిన్‌కి కట్టిపడేస్తుంది. కానీ ఒకే బ్యాటరీ నుంచి కావాల్సిన వోల్టేజ్, వేడి కింద పోకుండా, ఎలా తీయాలన్న అతని ప్రశ్న మాత్రం మంచిది. అతన్నే పక్కన కూర్చోబెట్టుకుని ఈ బాక్స్ కట్టించాను. మీకూ అదే వరసలో చెప్తాను.

వేడి ఎక్కడి నుంచి వచ్చింది?

ఎల్‌ఎం317 లాంటి లీనియర్ రెగ్యులేటర్ ఎక్కువైన వోల్టేజ్‌ని తన మీద వేసుకుని కాల్చేస్తుంది. 12 వోల్టుల బ్యాటరీ నుంచి ఫోన్‌కి 5 వోల్టులు, 1 ఆంపియర్ ఇస్తున్నామనుకోండి. బ్యాటరీ నుంచి కూడా అదే 1 ఆంపియర్ పోతుంది, అంటే 12 వాట్లు. ఫోన్‌కి చేరింది 5 వాట్లు. మిగతా 7 వాట్లూ వేడి. హీట్ సింక్ ఎంత పెద్దది పెట్టినా ఈ లెక్క మారదు. వేడి త్వరగా గాల్లోకి పోతుంది, అంతే.

స్విచింగ్ రెగ్యులేటర్ పని వేరు. డాబా మీద వాటర్ ట్యాంకు గుర్తు తెచ్చుకోండి. మోటారును వేస్తూ, ఆపుతూ ఉంటాం, కింద కుళాయిలో నీళ్లు మాత్రం ఒకే ధారగా వస్తాయి. ఇక్కడ కాయిల్, కెపాసిటర్ కలిసి ఆ ట్యాంకు పని చేస్తాయి. లోపలి స్విచ్ సెకనుకు లక్షకు పైగా సార్లు ఆన్, ఆఫ్ అవుతుంది. ఎక్కువసేపు ఆన్‌లో ఉంటే ఎక్కువ వోల్టేజ్, తక్కువసేపు ఉంటే తక్కువ. స్విచ్ పూర్తిగా ఆన్‌లో ఉన్నా, పూర్తిగా ఆఫ్‌లో ఉన్నా దాని మీద పెద్దగా వేడి పుట్టదు.

దీన్ని మీటర్ మీద చూస్తేనే నమ్మకం కుదురుతుంది. ఈ బాక్స్‌లో ఔట్‌పుట్ 5 వోల్టులు, 2 ఆంపియర్లు ఉన్నప్పుడు బ్యాటరీ వైపు మీటర్ పెడితే సుమారు 0.75 ఆంపియరే కనిపిస్తుంది. రెండు ఆంపియర్లు బయటికి వెళ్తుంటే బ్యాటరీ నుంచి ఒకటి కూడా పోవట్లేదేమిటని ఆ కుర్రాడు రెండుసార్లు మీటర్ మార్చి చూశాడు. 14.8 వోల్టులను 0.75తో గుణిస్తే 11 వాట్లు వస్తాయి. బయటికొచ్చేది 10 వాట్లు. 90 శాతం దక్కింది.

సామాను

సెల్లులు 18650 రకం, ఎనిమిది. 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు, ఒక్కోటి సుమారు 45 గ్రాములు. పేరున్న కంపెనీవి సాధారణంగా 2000 నుంచి 3500 మిల్లీఆంపియర్ అవర్ల మధ్య ఉంటాయి. 9900 అని ముద్రించినవి కనిపిస్తే చేత్తో కూడా ముట్టుకోకండి. ఆ సైజు సెల్లులో అంత పట్టదు.

రెగ్యులేటర్‌కి ఎక్స్‌ఎల్4015 మాడ్యూల్, రెండు ప్రీసెట్లు (స్క్రూడ్రైవర్‌తో తిప్పి సెట్ చేసే చిన్న రెసిస్టర్లు) ఉన్న రకం: ఒకటి వోల్టేజ్‌కి, ఒకటి కరెంట్ లిమిట్‌కి. ఇవి రెండు కొనండి, రెండోది చార్జింగ్‌కి. షాపులో ఎల్‌ఎం2596 చవకగా ఉందని చూపిస్తారు. అదీ స్విచింగే, పని చేస్తుంది. కానీ దాని లోపలి స్విచ్ ట్రాన్సిస్టర్, గట్టి లోడ్ మీద ఒక వోల్టుకు పైగా తానే తినేస్తుంది. ఎక్స్‌ఎల్4015లో మాస్‌ఫెట్ అనే వేరే రకం స్విచ్ ఉంది, ఆ నష్టం చాలా తక్కువ. బ్యాటరీ 13 వోల్టులకు దిగినా 12 ఇవ్వగలదు. రౌటర్ నడపాలంటే ఆ తేడానే ముఖ్యం.

4ఎస్ (వరసగా నాలుగు జతలకు పనికొచ్చే) బీఎంఎస్ బోర్డు, అంటే సెల్లులు మరీ నిండకుండా, మరీ ఖాళీ కాకుండా కాపాడేది, 10 ఆంపియర్లది చాలు. గ్లాస్ ఫ్యూజు 5 ఆంపియర్లది, హోల్డర్‌తో. డీసీకి పనికొచ్చే మెయిన్ స్విచ్. 5కె (5 కిలో ఓమ్‌ల) వాల్యూమ్ కంట్రోల్, నాబ్ కోసం. మూడు వైర్ల చిన్న డిజిటల్ వోల్ట్ మీటర్. 5 ఆంపియర్ల షాట్కీ డయోడ్ ఒకటి. 12, 24 వోల్టులు రెండింటికీ పనికొచ్చే కారు మొబైల్ చార్జర్ ఒకటి, దాన్ని విప్పి లోపలి బోర్డు వాడతాం. 19 వోల్టుల పాత లాప్‌టాప్ అడాప్టర్. 1 చదరపు మిల్లీమీటర్ ఫ్లెక్సిబుల్ వైరు, బార్లీ పేపర్ (కరెంట్‌ని ఆపే గట్టి కాగితం), స్లీవులు, గాలి రంధ్రాలు పెట్టగలిగిన గట్టి ప్లాస్టిక్ డబ్బా. పరీక్షకు బైకు ఇండికేటర్ బల్బు, 12 వోల్టులు 10 వాట్లది. మల్టీమీటర్ లేకుండా మాత్రం ఈ పని మొదలుపెట్టొద్దు.

నాలుగు జతలు ఎందుకంటే, రెండేసి సెల్లులు పక్కపక్కన (ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్) కలిపి, అలాంటి నాలుగు జతలను వరసగా పెడితే మామూలుగా 14.8, పూర్తి చార్జ్‌లో 16.8 వోల్టులు వస్తాయి. మనకు కావాల్సిన అత్యధిక వోల్టేజ్ 12. అంటే ఎప్పుడూ దించడమే, పెంచే పని లేదు. మూడు జతలతో పెంచుతూ దించుతూ నడిచే మాడ్యూల్ పెట్టి రెండో బాక్స్ కట్టాను. సగం చార్జ్ దగ్గర రౌటర్ మీద బాగా వేడెక్కేది. దించడం ఒక్కటే అయితే నష్టం తక్కువ.

2500 మిల్లీఆంపియర్ అవర్ల సెల్లులు ఎనిమిదికి 74 వాట్ అవర్లు. 6 వాట్లు తీసుకునే రౌటర్ పది గంటలకు పైగా నడుస్తుంది.

సెల్లుల పరీక్ష

కొత్తవి అయితే ఎనిమిదీ ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకేసారి కొన్నవి కావాలి. పాత లాప్‌టాప్ బ్యాటరీలు విప్పి వాడేవాళ్లు ఈ వడపోత దాటించాలి. ముందు వోల్టేజ్ చూడండి. 2.5 కంటే కింద ఉంటే పక్కన పెట్టేయండి, దానికి చార్జ్ ఎక్కించి బతికించే ప్రయత్నం వద్దు. మిగిలినవాటిని ఒక్కో సెల్లును చార్జ్ చేసే టీపీ4056 బోర్డుతో ఒక్కోటి 4.2 వోల్టుల దాకా నింపండి. చార్జ్ అవుతుండగా చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే, వేడిగా ఉంటే ఆ సెల్లు పనికిరాదు. నిండాక తేదీ రాసి రెండు వారాలు ఊరికే వదిలేయండి. 4.1 కంటే కిందికి జారిన సెల్లు లోపల లీకవుతోంది. దాన్ని తీసేయండి.

ఈ రెండు వారాలు ఆగడం చాలామందికి కష్టం. నేను మొదటిసారి ఆగలేదు. ఒక జారుడు సెల్లు లోపలికి వెళ్లింది. నెల తిరిగేసరికి ఆ జత మిగతా మూడింటి కంటే అర వోల్టు వెనకబడింది, బీఎంఎస్ పదే పదే కట్ చేసేది. విప్పి మళ్లీ మొదటి నుంచి కట్టాల్సి వచ్చింది.

సెల్లును దగ్గరగా చూడండి

ఒక సెల్లు చేతిలోకి తీసుకుని ప్లస్ వైపు కళ్ల దగ్గర పెట్టుకోండి. మధ్యలో చిన్న బొడిపె, అది ప్లస్. దాని చుట్టూ సన్నటి తెల్లని రింగు. ఆ రింగుకి అవతల అంచు ఉంది చూశారా? అది మైనస్. సెల్లు ఒళ్లంతా, అడుగు నుంచి పై అంచు దాకా, మైనస్సే. ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య ఉన్నది రెండు మిల్లీమీటర్ల ఖాళీ, పైన పల్చటి ప్లాస్టిక్ తొడుగు. ఆ తొడుగు చిరిగినచోట ప్లస్ పట్టీ వంగి అంచుకు తగిలితే షార్టే. మధ్యలో ఫ్యూజు లేదు, బీఎంఎస్ లేదు, ఆపేది ఏదీ లేదు.

అందుకే ప్రతి సెల్లు ప్లస్ వైపు బార్లీ పేపర్ రింగు అంటించాలి. తొడుగు గీరుకుపోయి ఉంటే కొత్త తొడుగు వేసి హెయిర్ డ్రయర్‌తో బిగించాలి. ఎనిమిదింటికీ, ఒక్కటి కూడా వదలకుండా.

ప్యాక్ కట్టడం

సెల్లు మీద నేరుగా సోల్డరింగ్ చెయ్యొద్దు. ఆ వేడికి లోపలి సీల్ పాడవుతుంది. స్పాట్ వెల్డింగ్ ఉన్న షాపులో నికెల్ పట్టీలు వేయించుకోవడం మేలు. అది దొరక్కపోతే మంచి సెల్ హోల్డర్లు వాడండి. మన లోడ్ రెండు ఆంపియర్లే కాబట్టి స్ప్రింగు హోల్డర్ తట్టుకుంటుంది. పని మొదలుపెట్టే ముందు ఉంగరం, వాచీ, చేతి గొలుసు తీసి పక్కన పెట్టండి.

జత కలిపే ముందు రెండు సెల్లుల వోల్టేజ్ కొలవండి. తేడా 0.05 వోల్టు లోపే ఉండాలి. తేడా ఎక్కువుంటే కలిపిన క్షణంలో ఒకటి రెండోదానిలోకి ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. నాలుగు జతలు తయారయ్యాక వరసగా కలపండి, మొదటి జత ప్లస్ రెండో జత మైనస్‌కి, అలా చివరి దాకా.

బీఎంఎస్‌కి ఐదు వైర్లు. మొత్తం ప్యాక్ మైనస్ బీ మైనస్‌కి, మొదటి, రెండో జతల మధ్య కీలు బీ1కి, తర్వాతిది బీ2, ఆ తర్వాతిది బీ3, చివరి ప్లస్ బీ ప్లస్‌కి. సోల్డర్ చేసే ముందు వైర్ల చివర్ల దగ్గరే మీటర్ పెట్టి చూడండి. సెల్లులు 3.9లో ఉంటే బీ మైనస్ నుంచి వరసగా 3.9, 7.8, 11.7, 15.6 రావాలి. ఒక్క అంకె వరస తప్పినా ఆగండి. తప్పు వైరు అతికితే బోర్డు అక్కడికక్కడే పోతుంది. బీ మైనస్ ముందు అతికి, ఆ వరసలోనే పైకి వెళ్లండి. ప్యాక్ ప్లస్ నుంచి బయల్దేరే లావు వైరు మీద, సెల్లులకు వీలైనంత దగ్గరలో, ఆ 5 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి.

అన్నీ కలిపాక బీఎంఎస్ నుంచి బయటికి కరెంట్ ఇచ్చే పీ ప్లస్, పీ మైనస్ కొసల మధ్య వోల్టేజ్ ఏమీ రాకపోతే కంగారు పడకండి. కొన్ని బీఎంఎస్‌లు మొదట నిద్రలో ఉంటాయి, ఒకసారి చార్జర్ తగిలిస్తే లేస్తాయి.

రెగ్యులేటర్‌ని లోబరుచుకోవడం

మొదటిసారి కరెంట్ ఇచ్చేటప్పుడు పాత రేడియో మెకానిక్కుల పద్ధతి పాటించండి: సీరీస్ బల్బు. పీ ప్లస్‌కీ మాడ్యూల్ ఇన్‌పుట్‌కీ మధ్య ఆ ఇండికేటర్ బల్బు పెట్టండి. ఎక్కడైనా షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, మాడ్యూల్ మాత్రం బతుకుతుంది. బల్బు వెలగకపోతే వైరింగ్ బాగుందని అర్థం, అప్పుడు తీసేసి దాని చోట మెయిన్ స్విచ్ పెట్టి కలపండి.

ఔట్‌పుట్ మీద మీటర్ పెట్టి వోల్టేజ్ ప్రీసెట్ తిప్పండి. ఇది చాలా చుట్లు తిరిగే రకం, రెండు చుట్లకు ఏమీ మారలేదని చేయి ఆపొద్దు. సరిగ్గా 12 వోల్టుల దగ్గర ఆపండి. కరెంట్ తీసేసి, ప్రీసెట్‌ని కదపకుండా బోర్డు నుంచి ఊడదీసి, దాని రెసిస్టెన్స్ కొలవండి. నా బోర్డుకి సుమారు 2.9 కిలో ఓమ్‌లు వచ్చింది. మీది మీరే కొలుచుకోవాలి, బోర్డు బోర్డుకీ మారుతుంది.

ఈ అంకె ఎందుకంటే, ఊడదీసిన ప్రీసెట్ చోట మన 5కె వాల్యూమ్ కంట్రోలే నాబ్‌గా వస్తుంది, అక్కడ రెసిస్టెన్స్ పెరిగితే వోల్టేజ్ పెరుగుతుంది. అక్కడ కనెక్షన్ పూర్తిగా తెగితే ఔట్‌పుట్ ఏకంగా బ్యాటరీ వోల్టేజ్‌కి ఎగబాకుతుంది. నాబ్ లోపల దుమ్ము పట్టి ఒక క్షణం కాంటాక్ట్ పోయినా 3 వోల్టుల రేడియోకి 16 వోల్టులు తగులుతాయి. మన సముద్ర గాలికి వాల్యూమ్ కంట్రోల్స్ ఎంత త్వరగా గరగరలాడతాయో తెలుసుగా.

అందుకని రెండు పనులు చెయ్యాలి. 5కె వాల్యూమ్ కంట్రోల్ మధ్య కాలును ఒక పక్క కాలుతో కలిపేయండి. అప్పుడు మధ్య కాంటాక్ట్ లేచిపోయినా మొత్తం 5కె మిగులుతుంది గానీ తెగిపోదు. రెండో పని, దానికి అడ్డంగా 6.8కె రెసిస్టర్ అతకండి. 5కె, 6.8కె పక్కపక్కన ఉంటే కలిసి 2.88కె అవుతాయి. నాబ్ చివరిదాకా తిప్పినా, కాంటాక్ట్ పోయినా 12 వోల్టులు దాటదు. మీ బోర్డు అంకె వేరుగా ఉంటే 6.8కె బదులు సరిపోయే విలువ వేసుకోండి. నాబ్ నుంచి బోర్డుకి వెళ్లే రెండు వైర్లూ పొట్టిగా, మెలిపెట్టి, గట్టిగా అతికి ఉండాలి, ఎందుకంటే ఆ వైరే తెగితే ఈ రక్షణ పని చెయ్యదు. నేను అతుకుల మీద చుక్క జిగురు కూడా వేస్తాను.

తర్వాత కరెంట్ లిమిట్. ఔట్‌పుట్‌ని 5 వోల్టుల దగ్గర పెట్టి, మీటర్ ఎర్ర ప్రోబు 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, ఔట్‌పుట్‌కి అడ్డంగా పెట్టండి. రెండో ప్రీసెట్ తిప్పి 2 ఆంపియర్ల దగ్గర ఆపండి. అయిపోగానే, ఇంకే పనీ చెయ్యకముందు, ప్రోబు తిరిగి వోల్టుల రంధ్రంలోకి మార్చండి. నేను ఒకసారి మార్చకుండానే ప్యాక్ వోల్టేజ్ చూడబోయాను. అప్పటికి ఫ్యూజు ఇంకా పెట్టలేదు. టప్ మని ఒక్క మెరుపు. ప్రోబు మొన కరిగి ఆవగింజంత గుండు అయింది, నికెల్ పట్టీ మీద నల్లటి మచ్చ పడింది. కళ్లద్దాలు లేకపోతే ఏమయ్యేదో. ఆ ప్రోబును ఇప్పటికీ బల్ల ముందు గోడకి వేలాడదీసి ఉంచాను.

డిజిటల్ వోల్ట్ మీటర్ ఎర్ర వైరు మెయిన్ స్విచ్ తర్వాత బ్యాటరీ ప్లస్‌కి, నల్లది మాడ్యూల్ ఔట్‌పుట్ మైనస్‌కి, మూడో వైరు ఔట్‌పుట్ ప్లస్‌కి. ఈ రకం మాడ్యూల్‌లో ఇన్‌పుట్ మైనస్, ఔట్‌పుట్ మైనస్ ఒకటి కావు. కరెంట్ కొలిచే రెసిస్టర్ ఆ రెండిటి మధ్యే ఉంది. రెండూ మైనస్సే కదా అని కలిపేస్తే కరెంట్ లిమిట్ పని చెయ్యదు.

ఫోన్‌కి వేరే దారి

యూఎస్‌బీ సాకెట్‌ని ఈ మారే ఔట్‌పుట్‌కి ఎప్పుడూ కలపొద్దు. చీకట్లో ఎవరో ఒకరు నాబ్ తిప్పుతారు, 12 వోల్టులకు ఫోన్ పోతుంది. తుపానులో ఫోన్ పోవడమంటే మనిషి ఆచూకీ పోవడమే. కారు చార్జర్ బోర్డుకి బ్యాటరీ వైపు నుంచి, మెయిన్ స్విచ్ తర్వాత, నేరుగా పీ ప్లస్, పీ మైనస్ ఇవ్వండి. అందులోనూ చిన్న స్విచింగ్ రెగ్యులేటరే ఉంటుంది. 24 వోల్టుల లారీకి పనికొచ్చేది మన 16.8 వోల్టులు తట్టుకుంటుంది.

చార్జింగ్

రెండో ఎక్స్‌ఎల్4015 ఇక్కడ. లాప్‌టాప్ అడాప్టర్ 19 వోల్టులు దాని ఇన్‌పుట్‌కి. ఔట్‌పుట్ ప్లస్ నుంచి షాట్కీ డయోడ్ ద్వారా పీ ప్లస్‌కి, మైనస్ నేరుగా పీ మైనస్‌కి. అడాప్టర్ తీసేసినప్పుడు బ్యాటరీ వెనక్కి మాడ్యూల్‌లోకి ఖాళీ కాకుండా ఆ డయోడ్ ఆపుతుంది. బ్యాటరీ కలపకముందే డయోడ్ అవతల 1కె రెసిస్టర్ లోడ్‌గా పెట్టి 16.6 వోల్టులు వచ్చేలా తిప్పండి. కరెంట్ 2 ఆంపియర్లు. పూర్తి 16.8 దాకా ఎందుకు నింపడం లేదంటే, ఆ కాస్త తగ్గిస్తే సెల్లుల ఆయుష్షు పెరుగుతుంది, పోయేది కొద్దిపాటి బ్యాకప్పే.

చార్జింగ్ మూడు గంటల పైచిలుకు పడుతుంది. కరెంట్ 0.1 ఆంపియర్ దగ్గరికి పడిపోయాక తీసేయండి. రాత్రి పెట్టి పడుకోవద్దు, పరుపు మీదో గోనెసంచి మీదో పెట్టొద్దు. గచ్చు మీద, కళ్లెదుట చార్జ్ చెయ్యాలి. చార్జింగ్‌లో ఉండగా లోడ్ నడపొద్దు, ఎప్పుడు నిండిందో కరెంట్ చూసి తెలుసుకోలేం.

డబ్బాలో సర్దేటప్పుడు సెల్లులు ఒక పక్క, మాడ్యూళ్లు రెండో పక్క, మధ్యలో ప్లాస్టిక్ అడ్డుగోడ. మాడ్యూల్ వైపు గాలి రంధ్రాలు పెట్టండి. బయటికొచ్చే ప్రతి వైరుకీ రబ్బరు గ్రొమ్మెట్ (రంధ్రం అంచుకు వైరు ఒరుసుకోకుండా పెట్టే రింగు). తీరం దగ్గరున్నవాళ్లు సోల్డర్ అతుకుల మీద నెయిల్ పాలిష్ ఒక పూత వెయ్యండి, పచ్చ తుప్పు రాదు. నాబ్‌కీ ప్రీసెట్లకీ అంటకుండా చూసుకోండి.

అసలు పరీక్ష: ఔట్‌పుట్ 12 వోల్టులు పెట్టి ఇండికేటర్ బల్బు తగిలించి అరగంట వదిలేయండి. మాడ్యూల్ కాయిల్ మీద వేలు నిలిచేంత వేడే ఉండాలి. ఏదైనా వైరు లేదా హోల్డర్ స్ప్రింగు వెచ్చబడితే ఆ జాయింట్ వదులుగా ఉంది, మళ్లీ చెయ్యండి.

రేడియోలో గరగర

దీని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. స్విచింగ్ రెగ్యులేటర్ రేడియోకి శత్రువు. ఎక్స్‌ఎల్4015 సెకనుకు 1,80,000 సార్లు కొడుతుంది, అంటే 180 కిలోహెర్ట్‌జ్. దాని గుణిజాలు 540, 720, 900, 1080 అన్నీ మీడియం వేవ్‌లోనే పడతాయి. విశాఖ ఆకాశవాణి 927. పక్కనే గరగర. నెట్‌వర్క్ పోయిన రాత్రి తుపాను వార్త వినాల్సింది ఆ రేడియోలోనే, అందుకని దీన్ని తేలిగ్గా తీసుకోలేదు.

ముందు దూరం: బాక్స్‌ని రేడియోకి కనీసం ఒక మీటరు అవతల పెట్టండి. రేడియోకి వెళ్లే రెండు వైర్లూ మెలిపెట్టి, ఫెర్రైట్ రింగులో నాలుగైదు చుట్లు తిప్పండి. పాత మానిటర్ కేబుల్ చివర ఉండే ఉబ్బెత్తు భాగం పగలగొడితే ఆ రింగే దొరుకుతుంది. ఔట్‌పుట్ ప్లస్ వైరులో వరసగా 100 మైక్రోహెన్రీ కాయిల్, దాని తర్వాత ప్లస్, మైనస్‌ల మధ్య 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ కలిపితే ఇంకా తగ్గుతుంది.

ఇంకో దారి ఉంది, నాకు నచ్చింది ఇదే. బాక్స్ ఔట్‌పుట్ 5 వోల్టుల దగ్గర పెట్టి, రేడియో దగ్గర మన పాత ఎల్‌ఎం317 పెట్టి 3 వోల్టులు తీయండి. 0.1 ఆంపియర్ మీద 2 వోల్టులు పోతే 0.2 వాట్ నష్టం, అంతే. బదులుగా వైరులోంచి వచ్చే రొద తగ్గుతుంది. కవిటిలో ఏడు వాట్లు తగలేసిన ఐసీయే ఇక్కడ సరైన చోట కూర్చుంది.

చిన్న లోడ్ మీద ఇంకో మాట. మాడ్యూల్, వోల్ట్ మీటర్ తమ కోసం కొన్ని మిల్లీఆంపియర్లు తింటాయి. రౌటర్‌కి అది లెక్కలోకి రాదు, కానీ రేడియో ఒక్కటే నడిపితే 90 శాతం దక్కదు. వాడనప్పుడు మెయిన్ స్విచ్ ఆపేయండి, లేకపోతే వారాల్లో ప్యాక్ ఖాళీ అవుతుంది.

దాచిపెట్టడం

మనకు దసరా వెనకే వచ్చే విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవం రోజులే తుపాన్ల రోజులు కూడా. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న, తిత్లీ 2018 అక్టోబర్ 11న వచ్చాయి. మిగతా ఏడాదంతా బాక్స్‌ని సగం చార్జ్‌లో, 15 వోల్టుల దగ్గర ఉంచండి. నిండుగా ఉంచితే సెల్లులు త్వరగా ముసలివవుతాయి. వేసవిలో రేకుల కప్పు కింద వద్దు. మూడు నెలలకోసారి బీ1, బీ2, బీ3 దగ్గర నాలుగు జతల వోల్టేజ్ కొలిచి డబ్బా మూత లోపల పెన్సిల్‌తో రాయండి. జతల మధ్య తేడా 0.1 దాటితే వెనకబడిన జతను విప్పి చూడాలి. సెప్టెంబర్ చివర్లో 16.6 దాకా నింపి, రౌటర్ తగిలించి ఒక గంట నడిపి చూడండి.

పాడైన సెల్లులను చెత్తబుట్టలో వెయ్యకండి, చెత్త బండిలో నలిగితే అంటుకుంటాయి. రెండు కొసలకూ టేపు చుట్టి, ఇసుక పోసిన డబ్బాలో వేసి ఉంచి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకే ఇవ్వండి. ఉబ్బినవి, తీపి వాసన వస్తున్నవి అయితే ఆ డబ్బా ఇంట్లో కాదు, పెరట్లో ఉండాలి.